రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్‌కు ఎంతమంది బిడ్డలు?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డనో, పుట్టగానే ఏడవని బిడ్డనో, కామెర్లు ముదిరిన బిడ్డనో ఆసుపత్రిలో చేరిస్తే ‘బాక్సులో పెట్టారు’ అని మన ఇళ్లలో చెప్పుకుంటాం. బయట బెంచీ మీద కూర్చున్న నాన్న, అమ్మమ్మ అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. పెద్ద డాక్టరు చూశారా? వెంటిలేటర్ ఉందా? ఇంకా ఎన్ని రోజులు ఉంచుతారు? ఇవన్నీ అడగాల్సినవే. కానీ బిడ్డ ప్రాణంతో అంతే దగ్గరి సంబంధం ఉన్న ఇంకో ప్రశ్న ఎవరి నోటా రాదు. ఈ రాత్రి లోపల డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక్కరే ఎంతమంది బిడ్డల్ని చూసుకోవాలి?

డాక్టరు రౌండ్స్‌లో ఒక్కో బిడ్డ దగ్గర కొన్ని నిమిషాలు ఉంటారు. మిగతా గంటలన్నీ నర్సువే. పెద్ద రోగి అయితే నొప్పి వస్తే మూలుగుతాడు, దాహమేస్తే అడుగుతాడు. కిలోన్నర బరువున్న బిడ్డ ఊపిరి ఆగిపోయినా ఏడవదు, చప్పుడు లేకుండా నీలంగా మారుతుంది. రక్తంలో చక్కెర పడిపోతే మెత్తబడి పాలు తాగడం మానేస్తుంది. ఇన్ఫెక్షన్ మొదలైతే జ్వరం రావాలని కూడా లేదు, చాలాసార్లు ఒళ్లే చల్లబడుతుంది. ఇవన్నీ ‘ఇందాకటికీ ఇప్పటికీ తేడాగా ఉంది’ అని పసిగట్టగలిగిన మనిషికే దొరుకుతాయి. ఇందాక చూసి ఉంటేనే కదా ఇప్పుడు తేడా తెలిసేది. అందుకే నవజాత శిశువుల వార్డు ఎంత మంచిదో తేల్చేటప్పుడు బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లు, మానిటర్ల కంటే ముందు అక్కడి నర్సుల సంఖ్యను లెక్కపెట్టాలి.

మన దేశంలో ఈ వార్డులు విస్తరించింది గత రెండు దశాబ్దాల్లోనే. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో మొదలైన యూనిట్, జిల్లా స్థాయిలో కూడా చిన్న బిడ్డల్ని బతికించుకోవచ్చని చూపించింది. 2011లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రసవాలు జరిగే ప్రతిచోటా ఒక న్యూబోర్న్ కేర్ కార్నర్, రెఫరల్ ఆసుపత్రుల్లో స్టెబిలైజేషన్ యూనిట్, జిల్లా ఆసుపత్రుల్లో ఎస్ఎన్‌సీయూ (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ యూనిట్) ఉండాలన్నది ఆ ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో బిడ్డను హడావుడిగా తీసుకెళ్లేది ఎక్కువగా ఈ ఎస్ఎన్‌సీయూలకే. అక్కడా కుదరకపోతే హైదరాబాద్‌లోని నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రికి పంపుతారు. ఈ విస్తరణ ఫలితం ఇచ్చింది కూడా. 2021 లెక్కల ప్రకారం దేశంలో ప్రతి 1000 మంది సజీవ శిశువుల్లో 19 మంది నెల లోపే చనిపోతున్నారు. 2030 నాటికి ఈ సంఖ్యను ఒక అంకెలోకి తేవాలని 2014లోనే లక్ష్యం పెట్టుకున్నాం. బతికించాల్సిన ఆ మిగతా బిడ్డల్లో చాలామంది ఇప్పటికే ఆసుపత్రి లోపల ఉన్నవాళ్లే. అంటే ఇకపై తేడా రావాల్సింది ఆసుపత్రికి తీసుకురావడంలో మాత్రమే కాదు, లోపల అందే సంరక్షణలో.

ఒక షిఫ్టులో ఒక నర్సుకు ముగ్గురు లేదా నలుగురు బిడ్డలు అన్నది ఎస్ఎన్‌సీయూ ప్రమాణం. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకైతే ఒకరికి ఒకరు ఉండాలి. 12 పడకల యూనిట్ తీసుకుంటే షిఫ్టుకు కనీసం ముగ్గురు, నలుగురు. మూడు షిఫ్టులకు 9 నుంచి 12 మంది. వారాంతపు సెలవులు, నైట్ ఆఫ్‌లు, ప్రసూతి సెలవులు, ట్రైనింగులు కలుపుకుంటే 15 మంది దాకా కావాలి. పోస్టులు మంజూరయ్యేది దీనికంటే తక్కువ, భర్తీ అయ్యేది అంతకంటే తక్కువ. భర్తీ అయినవాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. పైగా ప్రభుత్వాసుపత్రి పడకలు నిండాయని బిడ్డను వెనక్కి పంపలేదు. ఒక వార్మర్ మీద ఇద్దరు బిడ్డల్ని పడుకోబెట్టడం అలా మొదలవుతుంది. కాగితం మీద ఒక సిస్టర్‌కు నలుగురు బిడ్డలు కావాల్సింది, రాత్రి రెండింటికి వెళ్లి చూస్తే పది అవుతుంది.

ఆ పదిమంది అంటే ఏమిటో ఒక్క పాలు పట్టే పనిలోనే చూడొచ్చు. తక్కువ బరువు బిడ్డకు రెండు గంటలకోసారి పాలు పట్టాలి. ముక్కులోంచో నోట్లోంచో ట్యూబు వేసి ఉంటే, ముందు ఆ ట్యూబు కదిలిందేమో చూడాలి. పొట్ట ఉబ్బిందేమో తడిమి చూడాలి. తర్వాత సిరంజి గొట్టాన్ని కాస్త ఎత్తులో పట్టుకుని, తల్లి పిండి ఇచ్చిన పాలు పోసి, వాటంతటవే దిగేదాకా ఆగాలి. వెనక నుంచి నొక్కి తోయకూడదు. కొంచెం పెద్ద బిడ్డ అయితే ఉగ్గుగిన్నెతో, బిడ్డ మింగే వేగాన్ని బట్టి పట్టాలి. ఎలా చూసినా ఒక్కో బిడ్డకు 12 నిమిషాలు పడుతుందనుకుందాం. నలుగురికి 48 నిమిషాలు. గంటకు పైగా మిగులుతుంది, ఆ టైమ్‌లో మిగతా పనులు సాగుతాయి. అదే పదిమందికైతే 120 నిమిషాలు. అంటే పదో బిడ్డకు పట్టడం అయ్యేసరికి మొదటి బిడ్డకు మళ్లీ వేళవుతుంది. ఇంజెక్షన్లకు, సెలైన్ మార్చడానికి, కొత్తగా వచ్చిన బిడ్డను చేర్చుకోవడానికి ఒక్క నిమిషం కూడా లేదు.

అప్పుడు ఎక్కడో ఒకచోట పని కుదించుకోక తప్పదు. సిరంజి పిస్టన్ నొక్కి పాలు తోసేస్తారు. తోసిన పాలు పొట్టలో నిలవక పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రెండు గంటలకోసారి చూడాల్సిన ఉష్ణోగ్రత ఆరు గంటలకోసారి అవుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేయి వాచిందేమో గంటకోసారి చూడాల్సింది, బ్యాండేజీ విప్పితే గానీ తెలియదు. కాల్షియం కలిసిన మందు నరం బయటికి కారితే ఆ చోట చర్మం నల్లబడి ఊడిపోతుంది. ఆ మచ్చ బిడ్డకు జీవితాంతం ఉంటుంది. ఉదయం రౌండ్స్‌కు ముందు కేస్ షీట్లు మాత్రం నిండుతాయి, గంట గంటకూ ఒకే తీరు అంకెలతో. ఇలా అవ్వడానికి ఆ సిస్టర్ మనసు లేనిదై ఉండనక్కర్లేదు. పదిమందిని ఒక్కతే చూసుకునే చోట ఎంత మంచి నర్సును పెట్టినా ఇదే జరుగుతుంది. బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల మీద అమెరికాలో చేసి 2013లో ప్రచురించిన పెద్ద అధ్యయనం, నర్సులు చాలని యూనిట్లలో ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. అమెరికాలోనే అలా ఉంటే ఇక్కడ వేరే చెప్పాలా?

యంత్రం ఉంది కదా అన్న భరోసా కూడా పూర్తిగా నిజం కాదు. వార్మర్‌నే చూద్దాం. బిడ్డ పొట్ట మీద వేడిని కొలిచే ఒక చిన్న ప్రోబ్ అతికిస్తారు. చర్మం చల్లబడితే వార్మర్ వేడి పెంచుతుంది, వెచ్చబడితే తగ్గిస్తుంది. ఆ ప్రోబ్ ఊడి పక్కన పడిందనుకోండి. అది ఇప్పుడు కొలిచేది గదిలో గాలిని. బిడ్డ చల్లగా ఉందనుకుని యంత్రం వేడి పెంచుతూ పోతుంది. బిడ్డ ఒళ్లు కాలే ప్రమాదం అక్కడ ఉంది. ఒకే వార్మర్ మీద ఇద్దరు ఉంటే ప్రోబ్ ఒకరికే ఉంటుంది, రెండో బిడ్డ వేడి ఎంతో ఆ యంత్రానికి తెలియనే తెలియదు. చంకలో థర్మామీటర్ పెట్టి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉందో లేదో చూసే చేయి లేకపోతే, లక్షలు పోసి కొన్న వార్మర్ అపాయమే తెచ్చిపెడుతుంది.

ఆక్సిజన్ సంగతి ఇంకా సున్నితం. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టినప్పుడు రక్తంలో దాని శాతం 90 నుంచి 95 మధ్య ఉండాలి. తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువైతే కంటి రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చన్న సంగతి వార్డు బయట చాలామందికి తెలియదు. మానిటర్ మీద 100 కనిపిస్తే బంధువులు సంతోషిస్తారు. ఆక్సిజన్ అందుతున్న నెలతక్కువ బిడ్డకు ఆ 100 ప్రమాద సూచిక. పై హద్దుకు అలారం పెట్టి, అది మోగిన ప్రతిసారీ వచ్చి ఆక్సిజన్ కొద్దిగా తగ్గించే మనిషి ఉండాలి. పదిమంది బిడ్డల మధ్య అలారాలు ఆగకుండా మోగుతుంటే జరిగేది ఏమిటంటే, ఆ హద్దును 100కి మార్చేస్తారు. ఇక అది మోగదు.

చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వాసుపత్రిలో 1996లో 29 వారాలకే, 1250 గ్రాముల బరువుతో ఒక ఆడబిడ్డ పుట్టింది. బతికింది. కానీ కంటి పరీక్ష చేయించాలని డిశ్చార్జి అప్పుడు గానీ తర్వాత గానీ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. పాప చూపు పోయింది. తండ్రి ఏళ్ల తరబడి పోరాడితే 2015 జులైలో సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇమ్మంది. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన బిడ్డకు నెల తిరక్కుండా కంటి పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డకైతే ఇంకా ముందే. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఏళ్లుగా నవజాత శిశువుల వార్డులకే వెళ్లి ఈ పరీక్షలు చేస్తున్నారు. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాసి, అమ్మకు అర్థమయ్యేలా ఒకటికి రెండుసార్లు చెప్పి పంపే పని చివరికి సిస్టర్ మీదే పడుతుంది. ఆ రెండు నిమిషాలు లేకపోవడం వల్ల ఒక మనిషి జీవితమంతా చీకటి అవుతుంది.

ఇక మందులు. పెద్దవాళ్లకు మాత్ర ఒకటో రెండో. పిల్లలకు ప్రతి డోసూ ఒక లెక్క. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ తీసుకుందాం. 2 కిలోల బిడ్డకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 10 మిల్లీగ్రాములు. పిల్లల వయల్‌లో 2 ఎంఎల్‌కు 20 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులోంచి 1 ఎంఎల్ తీయాలి. పెద్దల వయల్‌లో అదే 2 ఎంఎల్‌కు 80 మిల్లీగ్రాములు, అందులోంచి పావు ఎంఎల్ చాలు. స్టోర్ నుంచి ఈసారి పిల్లల వయల్స్ రాలేదు, పెద్దలవి వచ్చాయి. అలవాటుగా 1 ఎంఎల్ తీస్తే బిడ్డకు నాలుగు రెట్లు మందు పోయింది. దాని దెబ్బ కిడ్నీల మీద, వినికిడి మీద పడుతుంది. ఆసుపత్రిలో ఉన్న పిల్లల మందుల ఆర్డర్లను పరిశీలించి 2001లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, హాని చేయగలిగే పొరపాట్లు పెద్దవాళ్ల కంటే పిల్లల్లో మూడు రెట్లు ఎక్కువని తేలింది.

2006లో ఇండియానాపొలిస్‌లోని ఒక ఆసుపత్రిలో ఆరుగురు నవజాత శిశువులకు, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మందు వెయ్యి రెట్లు ఎక్కువ గాఢతలో వెళ్లింది. ముగ్గురు చనిపోయారు. 10 యూనిట్ల వయల్, 10,000 యూనిట్ల వయల్ చూడ్డానికి ఒకేలా నీలం రంగు లేబుళ్లతో ఉన్నాయి. ఫార్మసీ నుంచి వచ్చినప్పుడే తప్పు వయల్స్ అల్మారాలో పెట్టారు. అక్కడ ఎప్పుడూ చిన్న డోసే ఉంటుందన్న నమ్మకంతో ఒకరు కాదు, పలువురు నర్సులు తీసి వాడారు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పిల్లలకు అచ్చం ఇదే పొరపాటు జరిగింది. ఆ పిల్లలు అదృష్టవశాత్తూ బతికారు. ఒకే పొరపాటు రెండు ఊళ్లలో, వేర్వేరు మనుషుల చేతుల్లో జరిగిందంటే లోపం మనుషుల్లో మాత్రమే వెతికితే దొరకదు. పిల్లల వార్డులో పెద్దల వయల్స్ ఉంచకపోవడం, పొటాషియం క్లోరైడ్ లాంటి ప్రమాదకరమైన మందుల్ని వేరే తాళంలో పెట్టడం, బరువును బట్టి డోసు ఎన్ని ఎంఎల్ అనే చార్టు గోడకు అంటించడం, ప్రమాదకరమైన మందును ఇద్దరు కలిసి చూసుకుని ఇవ్వడం, ఇవే పనిచేసే దారులు. చివరిదానికి మాత్రం రెండో మనిషి కావాలి. రాత్రి ఒక్కరే ఉన్న వార్డులో ఆ రెండో సంతకం ఎవరు పెడతారు?

ఏదైనా ఘోరం జరిగినప్పుడు మనం చేసేది ఏమిటో కూడా చూడాలి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పసిబిడ్డను ఎలుకలు కొరికాయి, బిడ్డ చనిపోయాడు. రాష్ట్రమంతా అట్టుడికింది, సస్పెన్షన్లు జరిగాయి. పదేళ్ల తర్వాత, 2025 ఆగస్టు చివర్లో ఇందోర్‌లోని ఎంవై ఆసుపత్రిలో ఇద్దరు నవజాత శిశువుల్ని ఎలుకలు కొరికాయి. ఇద్దరూ చనిపోయారు. అక్కడా నర్సుల్ని సస్పెండ్ చేశారు, ఎలుకల నివారణ కాంట్రాక్టు సంస్థకు జరిమానా వేశారు. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి ఎస్ఎన్‌సీయూలో మంటలు లేచి 10 మంది బిడ్డలు పోయారు. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ మెడికల్ కాలేజీలో మళ్లీ 10 మంది. ఝాన్సీలో పడకలకు మించి బిడ్డలున్నారు. తన బట్టలకు నిప్పంటుకున్నా ఒక నర్సు బిడ్డల్ని మోసుకుంటూ బయటికి తెచ్చింది.

నిర్లక్ష్యం చేసినవాళ్లను వదిలేయాలని ఎవరూ అనరు. కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లికి జవాబు కావాలి. కానీ ఎలుక వచ్చిన కంత, పాతబడిన వైరింగ్, ఆక్సిజన్ పైపుల పక్కనే వేలాడే ప్లగ్గు, ఒక్కరే నెట్టుకొచ్చిన నైట్ డ్యూటీ... వీటిలో ఏదీ ఆ సస్పెన్షన్ ఆర్డరుతో పోదు. పైగా ఇంకో నష్టం జరుగుతుంది. నర్సులు భయపడతారు. తప్పు డోసు ఇచ్చి, బిడ్డకు ఏమీ కాకపోతే ఆ సంగతి ఎవరికీ చెప్పరు. చెప్పి ఉంటే ఆ వయల్‌ను మార్చేవాళ్లు. చెప్పకపోవడం వల్ల అదే వయల్ రేపు ఇంకో సిస్టర్ చేతికి వస్తుంది. తృటిలో తప్పిన ప్రమాదాన్ని రిపోర్టు చేసిన నర్సుకు శిక్ష ఉండదన్న హామీ రాతపూర్వకంగా ఇచ్చిన ఆసుపత్రే వాటి నుంచి నేర్చుకోగలదు.

ఇన్ఫెక్షన్ల విషయంలో కూడా కథ చేతుల దగ్గరే మొదలవుతుంది. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా నవజాత శిశువుల మీద జరిపిన అధ్యయనంలో ఎక్కువగా కనిపించినవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా. వీటిలో చాలావరకు ఒకటికి మించి యాంటీబయాటిక్స్‌కు లొంగనివి. ఈ క్రిములు తడి చోట్ల, సక్షన్ ట్యూబుల్లో, తెరిచి ఉంచి పదిమందికి వాడిన సెలైన్ బాటిల్లో, చేతుల మీద బతుకుతాయి. వార్డులోకి వచ్చేటప్పుడు రెండు నిమిషాలు, ప్రతి బిడ్డను ముట్టుకునే ముందూ తర్వాతా 20 సెకన్లు చేతులు శుభ్రం చేసుకోవాలని ట్రైనింగ్‌లో నేర్పుతారు. పదిమందిని ఒక్కసారి చుట్టి రావడానికి చేతుల కోసమే ఏడు నిమిషాలు. సబ్బుకు చర్మం పగిలి మంట పుడుతుంది. ఒకే వార్మర్ మీద ఇద్దరు ఉన్నప్పుడైతే ఆ మధ్యలో కడుక్కునే సందే ఉండదు.

ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా ఆశ కలిగించే మార్పు ఒకటుంది. అది తల్లిని లోపలికి రానివ్వడం. బిడ్డను అమ్మ రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే ఇలా చేయాలని చాలాకాలం అనుకున్నారు. పుట్టిన వెంటనే మొదలుపెడితే ఏమవుతుందో చూద్దామని భారత్ సహా ఐదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చేసింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్లో, మామూలు పద్ధతిలో 28 రోజుల లోపు 15.7 శాతం మంది చనిపోతే, వెంటనే అమ్మ గుండెకు హత్తుకున్న బిడ్డల్లో అది 12 శాతం. ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. ఫలితం ఇంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. 2021లో వివరాలు వెలువడ్డాయి. మరోపక్క ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం నుంచి పాలు పట్టడం, ప్రమాద లక్షణాలు గుర్తించడం దాకా నేర్పి బిడ్డ పక్కన ఉంచిన అనుభవం మీద, 2017లో జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి.

మన దగ్గర దీనికి అడ్డొచ్చేవి ఇంటి నుంచీ ఉన్నాయి, ఆసుపత్రి నుంచీ ఉన్నాయి. ‘పచ్చి బాలింత, కూర్చోకూడదు, చల్లగాలి తగలకూడదు’ అని అత్తగారో అమ్మో పట్టుబడతారు. సిజేరియన్ అయిన అమ్మ ఒక బిల్డింగ్‌లో, బిడ్డ ఇంకో బిల్డింగ్‌లో ఉంటారు. ఆనుకుని కూర్చునే కుర్చీ ఉండదు, ఆమెకు మూడు పూటలా భోజనం ఉండదు. కంగారూ పద్ధతిలో నాన్న కూడా బిడ్డను పెట్టుకోవచ్చని చెబితే ఆశ్చర్యపోయే కుటుంబాలే ఎక్కువ. ఓపికగా చెప్పి, మొదటిసారి గుడ్డ కట్టి చూపించే సిస్టర్ ఉన్నచోట ఇవన్నీ వారంలో సర్దుకుంటాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అమ్మ లోపల ఉంది కదా అని నర్సుల పోస్టులు తగ్గించడం ఘోరమైన తప్పు. అమ్మ తన బిడ్డను కనిపెట్టుకుని ఉంటుంది. ఆమె ‘ఏదో తేడాగా ఉంది సిస్టర్’ అన్నప్పుడు పరిగెత్తి వచ్చే మనిషి ఉంటేనే ఆ కనిపెట్టడానికి ఫలితం.

ఆ మాటను లెక్కచేయడం కొంచెం పెద్ద పిల్లల వార్డులోనూ అంతే ముఖ్యం. ఇంగ్లండ్‌లో మార్థా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి 2021లో ఆసుపత్రిలోనే సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితితో) చనిపోయింది. తల్లిదండ్రులు ఆందోళన చెబుతూనే ఉన్నారు. ముందే ఐసీయూకు మార్చి ఉంటే బతికే అవకాశం ఎక్కువని విచారణలో తేలింది. ఆ తల్లి పోరాటంతో 2024 నుంచి అక్కడ, రోగి కుటుంబమే నేరుగా వేరే వైద్య బృందాన్ని పిలిపించుకునే హక్కు అమల్లోకి వస్తోంది. డెంగీ తగ్గుముఖం పట్టిందనుకున్న రోజున చేతులు చల్లబడి, మగతగా పడుకున్న పిల్లాణ్ని చూసి అమ్మ కంగారు పడితే, ‘జ్వరం లేదు కదమ్మా, పడుకోనివ్వండి’ అని పంపించే వార్డులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. డెంగీలో జ్వరం తగ్గే సమయమే అసలు గండం.

పిల్లల వార్డుల నాణ్యత చూడటానికి కేంద్రం 2021 సెప్టెంబరులో ‘ముస్కాన్’ కార్యక్రమం తెచ్చింది. ఎస్ఎన్‌సీయూల నుంచి పోషకాహార కేంద్రాల దాకా తనిఖీ చేసి మార్కులు వేస్తుంది. మంచి అడుగే. అయితే తనిఖీ తేదీ ముందే తెలిస్తే ఆ వారం వార్డు మెరుస్తుంది. పక్క వార్డుల నుంచి నర్సులు వచ్చి చేరతారు. ట్రైనింగ్ పొంది, ఏడాది చేయి తిరిగిన ఎస్ఎన్‌సీయూ నర్సును రొటేషన్ పేరుతో ఆర్థో వార్డుకు పంపే పద్ధతిని ఆ మార్కులు పట్టుకోలేవు. చెప్పకుండా రాత్రి రెండింటికి వెళ్లి బిడ్డల్ని, నర్సుల్ని లెక్కపెట్టే తనిఖీ కావాలి. ఆ లెక్కను షిఫ్టు మారిన ప్రతిసారీ వార్డు తలుపు మీద బోర్డులో రాయాలి: ఇప్పుడు లోపల ఎంతమంది బిడ్డలు, ఎంతమంది సిస్టర్లు. వార్మర్లు మంజూరు చేసే ప్రతి జీవోలోనే, ఆ వార్మర్లకు సరిపడా నర్సు పోస్టులు, రాత్రి షిఫ్టుతో సహా, అదే కాగితం మీద మంజూరు కావాలి.